నాళం సన్నగా ఉందంటే జబ్బేనా?

ప్రశ్న: మా పాపకు 7 ఏళ్లు. తరచూ తలనొప్పి అంటుంటే ఎమ్మారై, ఎమ్మార్ యాంజియో (రక్తనాళాల స్కాన్) చేయించాం. మెదడు బాగానే ఉందట గానీ ‘ఎడమ ఫీటల్ పీసీఏ, కుడి వెర్టిబ్రల్ హైపోప్లాసియా’ అని రాశారు. ముందు ముందు పక్షవాతం వస్తుందా? ఏటా స్కాన్ తీయించాలా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఈ రెండింటి కోసమే అయితే అక్కర్లేదు. మెదడు వెనక భాగానికి వెళ్లే పీసీఏ ధమనికి, బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మెడ ముందువైపు నుంచి వెళ్లే కెరోటిడ్ ధమని నుంచే రక్తం అందుతుంది. తర్వాత ఆ పని వెనకనున్న బేసిలార్ ధమని తీసుకుంటుంది. కొందరిలో పాత దారే ఉండిపోతుంది; దాన్నే ఫీటల్ పీసీఏ అంటారు. ఇది అరుదేమీ కాదు. హైపోప్లాసియా అంటే నాళం పుట్టుకతోనే సన్నగా ఉండటం. మెడ వెనకవైపు నుంచి మెదడుకు వెళ్లే వెర్టిబ్రల్ ధమనులు రెండూ సమానంగా ఉండేవాళ్లే తక్కువ. ఎక్కువమందిలో ఎడమది లావు. పాప తలనొప్పికి కారణం వేరేచోట వెతకాలి: మైగ్రేన్, కంటిచూపు, నిద్ర.

అసలు తేల్చుకోవాల్సింది, నాళం పుట్టుకతోనే సన్నదా, తర్వాత మూసుకుపోతోందా అన్నది. పుట్టుకతో సన్నదైతే పొడవునా ఒకే తీరుగా, అంచులు నునుపుగా ఉంటుంది. ఒక్కచోటే నొక్కుకుపోయి, చుట్టూ వలలా చిన్న నాళాలు పుడితే మోయమోయా (మెదడు ధమనులు క్రమంగా మూసుకుపోయే జబ్బు) లాంటిదాన్ని అనుమానించాలి. కెరోటిడ్ విషయంలో ఎముకే సాక్ష్యం: నాళం మొదటినుంచీ లేకపోతే కపాలం అడుగున దాని సొరంగం కూడా ఏర్పడదు. అది సీటీలో తెలుస్తుంది. అయితే అనుమానం ఉంటేనే పిల్లలకు సీటీ. స్కాన్‌లో పాప కదిలినా, వంపు దగ్గర రక్తం సుడి తిరిగినా లేని సన్నదనం కనిపిస్తుంది. కాబట్టి పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి రిపోర్టు కాగితమే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి.

గట్టిగా ఏడ్చినప్పుడు, వేడి అన్నం ఊదుకున్నప్పుడు, బెలూన్ ఊదినప్పుడు చెయ్యో కాలో కాసేపు చచ్చుబడుతోందా, మాట తడబడుతోందా గమనించండి. గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు ముడుచుకుంటాయి. మోయమోయా ఉన్న పిల్లల్లో అప్పుడే రక్తం చాలదు. ఇలా జరిగితే, తగ్గిపోయిందని ఊరుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బాబుకు 3 నెలలు. నుదుటి నుంచి చెంపదాకా ఉబ్బెత్తు ఎర్రమచ్చ ఉంది. చర్మం డాక్టరు తలకు, మెడకు ఎమ్మారై అడిగారు. మచ్చకు ఎమ్మారై ఎందుకు?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరిగ్గానే అడిగారు. ముఖం మీద హీమాంజియోమా (రక్తనాళాలతో ఏర్పడే ఇలాంటి ఎర్రమచ్చ) 5 సెంటీమీటర్లు దాటితే ఫేస్ సిండ్రోమ్ (PHACE: మచ్చతో పాటు మెదడు, ధమనులు, గుండె, కళ్లలో లోపాలు ఉండే స్థితి) ఉందేమో చూడాలి. అందులో చాలాసార్లు మచ్చ ఉన్న వైపే మెడ, మెదడు ధమనులు సన్నగానో, వంకరగానో ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. గుండెకు ఎకో, కంటి పరీక్ష కూడా చేయించండి. మత్తు ఇచ్చి స్కాన్ తీస్తే సాధారణంగా తల్లిపాలు 4 గంటలు, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపమంటారు.

ఫలితం వచ్చేదాకా, ఈ మచ్చలు తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ చుక్కలు సొంతంగా మొదలుపెట్టకండి. ఈ మందు బీపీని తగ్గిస్తుంది. బీపీ తగ్గితే, ఇప్పటికే సన్నగా ఉన్న నాళంలో రక్తం ఇంకా తగ్గుతుంది. ధమనుల్లో తేడా ఉంటే డాక్టర్లు చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. పాలు పట్టాకే మందు వేయాలి; పరగడుపున వేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. వాంతులై పాలు తాగని రోజు డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.