కథల పెట్టె చేస్తున్న మేనకోడలికి

అమ్మాయీ, నువ్వు పంపిన వీడియో చూశాను. ఏటికొప్పాక బొమ్మ పెట్టె మీద పెట్టగానే మా అమ్మ గొంతులో కథ మొదలవడం చాలా బాగుంది, ఆ ఐడియాకి వంక పెట్టను. కానీ పెట్టె ముందు ఆ చిన్న స్క్రీన్ ఎందుకు పెట్టావు? కథల లిస్టు కనబడాలి కదా మామయ్యా అంటావు, తెలుసు. లిస్టు అరలో వరసగా నిలబడే ఉందిగా! ఏనుగు, బండి, రాజు, రాణి, అవే నీ మెనూ. పక్కన వెలిగే తెర ఒకటుంటే పిల్లల చూపు దానికే అతుక్కుపోతుంది, బొమ్మలు అలంకారానికి మిగులుతాయి. ముందు అది పీకెయ్.

ఈ టాంజిబుల్ ఇంటర్‌ఫేస్ పని, అంటే తెర బదులు చేత్తో పట్టుకునే వస్తువులతో యంత్రాన్ని నడిపే పని, ఎవరు మొదలుపెట్టినా నేను గోళీల మెషిన్ సంగతి చెబుతాను. 1992లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డరెల్ బిషప్ ఒక ఆన్సరింగ్ మెషిన్, అంటే మనం ఫోన్ ఎత్తనప్పుడు అవతలివాళ్ళ మెసేజ్ రికార్డు చేసి పెట్టేది, డిజైన్ చేశాడు. మెసేజ్ వస్తే ఒక గోళీ బయటికి దొర్లుతుంది. దాన్ని మెషిన్ గుంటలో పెడితే మెసేజ్ వినబడుతుంది, ఫోన్ మీద పెడితే ఆ మనిషికే కాల్ వెళ్తుంది. ఎన్ని మెసేజులు ఉన్నాయో గది గుమ్మంలోంచే తెలిసిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. ఇందులో గమనించాల్సింది గోళీ కాదు. కంటికి కనబడేదీ, లోపల యంత్రం అనుకుంటున్నదీ ఎప్పుడూ ఒకటే. నీ పెట్టెలో ఆ రెండూ ఎక్కడెక్కడ విడిపోతున్నాయో వెతుకు, డిజైన్ పనంతా అదే.

ఉదాహరణకి వాల్యూమ్. సున్నా నుంచి పది దాకా అంకెలున్న పొటెన్షియోమీటర్ నాబ్ (పాత రేడియోలో తిప్పే బిరడా లాంటిది) బిగించావు, పైగా ఫోన్ యాప్‌లోంచి కూడా సౌండ్ తగ్గించొచ్చన్నావు. మీ అమ్మ రాత్రి ఫోన్‌లోంచి మూడుకి తగ్గించింది అనుకో, నాబ్ మాత్రం ఎనిమిది మీదే ఉంటుంది, అంటే నాబ్ అబద్ధం చెబుతోంది. పొద్దున పిల్లాడు దాన్ని కొంచెం కదిపితే సౌండ్ ఒక్కసారిగా ఎనిమిదికి ఎగిరి ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. రెండు దార్లున్నాయి. యాప్‌లో వాల్యూమ్ తీసెయ్యడం ఒకటి. లేదా నాబ్ తీసేసి, అంకెలు లేకుండా ఎంతైనా తిరిగే రోటరీ ఎన్‌కోడర్ పెట్టి, ఎంత సౌండ్ ఉందో చుట్టూ ఎల్‌ఈడీలతో చూపించడం. నన్నడిగితే మొదటిదే చెయ్యి, చవక కూడా.

ఇక బొమ్మ ఎత్తేస్తే ఏమవ్వాలి? కథ ఆగాలి, అందులో అనుమానం లేదు. మళ్ళీ పెడితే ఆగినచోటి నుంచా, మొదటి నుంచా? రెండు బొమ్మలు ఒకేసారి పెడితే? బొమ్మల అడుగున అతికించే ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్, అదే రీడర్ దగ్గరికి తెస్తే తన ఐడీ చెప్పే చిన్న చిప్ స్టిక్కర్, అది లేని గ్లాసు పెడితే? వీటికి కోడ్ రాయకముందే అట్టపెట్టె ఒకటి చేసి, పిల్లల్ని కూర్చోబెట్టి, నువ్వు వెనక కూర్చుని ఫోన్‌లో ప్లే నొక్కుతూ చూడు. ఇలా ఆడాలి అని చెప్పకు, నోరు మూసుకుని వాళ్ళ చేతులు చూడు.

ఎత్తేసినా కొన్నిసార్లు కథ ఆగట్లేదు అన్నావు కదా, అది ట్యాగ్ చదివే రీడర్ బోర్డు ఆర్‌సీ522 తప్పు కాదు. ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళదు, రీడరే 'ఉన్నావా' అని అడుగుతూ ఉండాలి. నీ ప్రోగ్రాం ఒకసారి చదివి ఊరుకుంటోంది. అలాగని ఒక్కసారి జవాబు రాకపోతే వెళ్ళిపోయింది అనుకోకు, మధ్యలో ఒకటి రెండు మిస్ అవడం మామూలే. వరసగా కొన్ని మిస్ అయితేనే, అంటే అర సెకను లోపు, ఎత్తేసినట్టు లెక్క. పెట్టినప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. ఎమ్‌పీ3 మాడ్యూల్ ఫైల్ వెతుక్కునే లోపు ఒక ఎల్‌ఈడీ అయినా వెంటనే వెలగాలి, లేకపోతే పిల్లలు పని చెయ్యట్లేదనుకుని బొమ్మని ఠపీమని కొడతారు.

ట్యాగ్‌లో కథ పేరు అవీ ఇరికించకు. నీ దగ్గరున్న ఎన్‌ట్యాగ్213 రకం ట్యాగ్‌లో మనం వాడుకునే చోటు 144 బైట్లే, దాని ఐడీ చదువుకుంటే చాలు, ఏ ఐడీకి ఏ కథ అన్నది ఎస్‌డీ కార్డులో ఉంచు. రీడర్ కింద ఇనప రేకులు, స్పీకర్ ఉండకూడదు, లోహం దగ్గరుంటే సరిగ్గా చదవదు. పెట్టె మీద బొమ్మ అడుగు సైజుకి పల్లంగా గుంట చెక్కించు, ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. ట్యాగులు అతికించడానికి బొమ్మలకి హాట్ గ్లూ గన్ పెట్టావా? వద్దు, అది లక్క, వేడికి కరుగుతుంది. ఆ ఊళ్ళో చేసేవాళ్ళనే అడుగు, లేత్ మీద ఉన్నప్పుడే అడుగున స్టిక్కర్ పట్టే పల్లం తీసిపెడతారు.

బొమ్మని తిప్పితే కథ ముందుకీ వెనక్కీ వెళ్ళాలని కూడా రాశావు. ఎన్‌ఎఫ్‌సీకి ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, ఎటు తిరిగిందో తెలియదు. బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు చేసిన రియాక్టేబుల్‌లో తిప్పడం పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ బల్ల కింద కెమెరా ఉండి వస్తువు అడుగున అతికించిన గుర్తుల్ని చూస్తుంది. 2007లో గాయని బియోర్క్ తన టూర్‌లో దాన్ని స్టేజి మీదకి తెచ్చింది. నీకు ఆ హంగామా అక్కర్లేదు.

అన్నీ వస్తువులుగా మార్చేయాలన్న మోజు ఈ పనిలో అందరికీ వస్తుంది. ఎమ్‌ఐటీలో 1997లో హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ 'టాంజిబుల్ బిట్స్' పేపర్ రాశాక, బల్ల మీద బిల్డింగుల నమూనాలు జరిపితే వాటి నీడలు ఎటు పడతాయో, గాలి ఎలా వీస్తుందో చూపించే అర్ప్ లాంటివి అక్కడే వచ్చాయి. అద్భుతం. కానీ వస్తువుకి కాపీ పేస్ట్ లేదు, అన్‌డూ లేదు, జరిపిన బిల్డింగు జరిగినట్టే. నీకూ అంతే, వంద కథలంటే వంద బొమ్మలు, వాటికి అరలు, సర్దడానికి మీ అమ్మ. ఆరేడు కథలతో ఆపు. కొత్త కథ రికార్డు చెయ్యడం, వైఫై పాస్‌వర్డ్ లాంటివి ఫోన్‌లోనే ఉండనీ.

మూడేళ్ళలోపు పిల్లలు నోట్లో పెట్టుకునే సైజు బొమ్మలు తీసెయ్, బ్యాటరీ మూత స్క్రూతో బిగించు, ఇందులో మాత్రం మాట వినాలి. ఇంకోటి, ఆర్‌సీ522కి పవర్ 3.3 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వాలి. వీడియోలో ఎర్ర వైరు 5 వోల్టుల దగ్గర ఉన్నట్టు కనబడింది, అది చూసి బోర్డు ఫోటో దగ్గర్నుంచి తీసి పంపు.

మామయ్య