బీపీ చార్టుతో మొదలుపెట్టు

అమ్మా,

నాలుగో ఏడాది నర్సింగ్ పిల్లలకి స్టాటిస్టిక్స్ క్లాసు నీకిచ్చారని తెలిసింది. మొదటిరోజే బోర్డు మీద సిగ్మా గుర్తు వెయ్యకు. చాలామంది బైపీసీ నుంచి, పదో తరగతితోనే లెక్కలకి దణ్ణం పెట్టి వచ్చినవాళ్లు. అలాగని లెక్క రాదనుకోకు. 500 ఎంఎల్ సెలైను 4 గంటల్లో ఎక్కాలి, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్టు అంటే, నిమిషానికి 42 చుక్కలని నిలబడే చెప్తారు. భయమల్లా ఫార్ములాలంటేనే.

నర్సింగ్‌కి ఆద్యురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో వేసిన సైనిక మరణాల పటం చూపించు గానీ, రెండు నిమిషాలు చాలు. ఆవిడ మీద భక్తి పెరుగుతుంది, సబ్జెక్టు మీద కాదు.

క్లాసుకి ముందే వార్డు నుంచి 50 సిస్టోలిక్ (బీపీలో పై అంకె) రీడింగులు రాసుకు రమ్మను. పేషెంటు పేరు, ఐపీ నంబరు వద్దు. డిజిటల్ మిషనువి కలపనివ్వకు. ముల్లు డయలు మీద గీతలు 2 చొప్పున ఉంటాయి కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8లో ఒకటవ్వాలి, ఒక్కోటీ సుమారు పదిసార్లు రావాలి. బోర్డు మీద ఐదు గళ్లు గీసి ఒక్కొక్కరిచేతా గీతలు పెట్టించు. 120, 130, 140... సున్నా గడి పొంగిపోతుంది. నవ్వులు మొదలవుతాయి, ఆ రీడింగుల్లో కొన్ని వాళ్లు రాసినవే మరి.

"ఊరికే అలా పడ్డాయా, దగ్గరి పదికి సరిపెట్టి రాశామా?" అన్న ప్రశ్న పుట్టాకే, వచ్చిన లెక్కకీ రావాల్సిన లెక్కకీ తేడా కొలిచే కై స్క్వేర్ తియ్యి. సున్నాలు 30, మిగతావి ఐదేసి అనుకో. సున్నాకి, రావాల్సిన 10తో తేడా 20, వర్గం 400, 10తో భాగిస్తే 40. మిగతా నాలుగూ తలా 2.5. మొత్తం 50. 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (ఐదు గళ్లలో ఒకటి తక్కువ) 5 శాతం దగ్గర టేబుల్లో ఉన్నది 9.49, మనది దాన్ని ఎప్పుడో దాటేసింది, అంటే ఊరికే పడ్డవి కావు. అంకెలన్నీ నిజంగా సమానంగా వచ్చేవే అయితే ఇంత తేడా, లేదా ఇంతకు మించి, రావడం ఎంత అరుదో చెప్పేదే పీ విలువ. "మన ఊహ నిజమయ్యే అవకాశం" అని ఎవరైనా రాస్తే అక్కడికక్కడే దిద్దు. వార్డు సిస్టర్లని మాత్రం తప్పుపట్టనివ్వకు, మళ్లీ పోస్టింగులో చార్టు చేతికివ్వరు.

సగటుకి ఎక్కువ సేపు అక్కర్లేదు. ఐదుగురు వార్డులో ఉన్న రోజులు 2, 3, 3, 4, 18. సగటు 6, మీడియన్ (వరసలో నడిమిది) 3. "ఆరు రోజులున్నదెవరు?" అని అడిగి ఊరుకో.

స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది, ఒక్కసారి చేత్తో చేయించు. పల్సు 72, 74, 76, 78, 80కి 3.16. భాగించేది 5తో కాదు, 4తో, తప్పేది ఇక్కడే. తర్వాత ఎక్సెల్‌కి వదిలెయ్యి.

ఈ సబ్జెక్టంటే ఏమనిపిస్తోందో మొదటిరోజూ చివరిరోజూ చీటీల మీద రాయించు. పేరు రాయమన్నావో, అందరికీ మొదటిరోజు నుంచే ఇష్టమైపోతుంది.