వేలంలో పాడిన బొమ్మ: ఎంత కొనుగోలు, ఎంత విరాళం?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. టాంజానియాలోని ఒక అనాథాశ్రమం పిల్లల కోసం ఇక్కడ పెయింటింగ్‌ల వేలం పెడితే వెళ్లాం. టింగాటింగా శైలి బొమ్మ ఒకటి 1,500 డాలర్లకు పాడాను. క్యాటలాగ్‌లో దాని విలువ 400 అని ఉంది. చెక్కు ఇంకా ఇవ్వలేదు. మొత్తం 1,500 విరాళంగా చూపించుకోవచ్చా? పదేళ్లు ఉంచితే బాగా ధర పలుకుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మొత్తం చూపించుకోలేరు. 400 బొమ్మ ఖరీదు, పైన ఉన్న 1,100 మాత్రమే విరాళం. బదులుగా ఏదైనా చేతికొస్తే దాని మార్కెట్ విలువ పోగా మిగిలిందే అమెరికా పన్ను చట్టం దృష్టిలో దానం. చెల్లింపు 75 డాలర్లు దాటితే ఆ విలువెంతో సంస్థే రాతపూర్వకంగా చెప్పాలి.

ఆ 1,100కి కూడా షరతులున్నాయి. డబ్బు తీసుకునే సంస్థ అమెరికాలో 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను చట్టం కింద ధార్మిక సంస్థ అన్న గుర్తింపు, ఉన్నదై ఉండాలి. నేరుగా టాంజానియాలోని ఆశ్రమం ఖాతాకు పంపితే మీ పన్నులో ఒక్క డాలరూ తగ్గదు. ఇక స్టాండర్డ్ డిడక్షన్ సంగతి, అంటే ఖర్చుల లెక్కలు చూపించకుండానే ఆదాయంలోంచి తీసేసుకోగల స్థిర మొత్తం. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025కి అది 31,500. ఇంటి లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, విరాళాలు అన్నీ కలిపినా అంతకు మించకపోతే ఈ 1,100 వల్ల మీకొచ్చేదేమీ లేదు. మించినా, 22 శాతం స్లాబులో ఉంటే మిగిలేది మహా అయితే 242 డాలర్లు. 2026 నుంచి మాత్రం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే జంటలకూ నగదు విరాళాల మీద 2,000 వరకు మినహాయింపు ఉంది.

ధర పెరగడం మాట మర్చిపోండి. బాలాపూర్ లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. పాడుకున్నవాళ్లు దాన్ని తిరిగి అమ్ముదామనుకోరు కదా! ఛారిటీ వేలంలో పలికే ధర కూడా ఆ హాల్లో, ఆ పూట, ఆ ఉత్సాహంలో పుట్టిందే. పైగా టింగాటింగా అంటే ఒక చిత్రకారుడి పేరు. ఎడ్వర్డ్ సైదీ టింగాటింగా 1968లో దారెస్సలాంలో హార్డ్‌బోర్డు ముక్కల మీద సైకిళ్లకు వేసే ఎనామెల్ పెయింట్‌తో జంతువులు, పక్షుల బొమ్మలు వేయడం మొదలుపెట్టి, 1972లోనే పోయాడు. ఆయన చేత్తో వేసినవి అరుదు. ఆ శైలిలో వేసినవి టూరిస్టుల దుకాణాల్లో కుప్పలుగా దొరుకుతాయి. మీది రెండో రకం. పొరపాటున లాభమొచ్చినా, ఏడాది దాటి ఉంచుకున్న కళాఖండాల లాభం మీద పన్ను 28 శాతం దాకా పడొచ్చు, షేర్ల కంటే ఎక్కువ. మా హాల్లోనూ ఇలా పాడి కొన్న ఏనుగు ఒకటి ఉంది. నా నెట్‌వర్త్ షీట్‌లో దాని విలువ సున్నా.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. హాలు అద్దె, భోజనాలు, ఫ్రేములు పోగా పిల్లలకు చేరేదెంతో అడగండి. సంస్థ ఏటా పన్ను శాఖకు ఇచ్చే లెక్కల పత్రం, 990 ఫారం, ఎవరైనా చూడొచ్చు. ఆ డబ్బుతో ఏం చేస్తారన్నది ఇంకా ముఖ్యం. అనాథాశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల అక్కడ చేరుస్తారు. టాంజానియా పొరుగునే ఉన్న రువాండా 2012 నుంచే ఆశ్రమాలు మూసి పిల్లల్ని కుటుంబాలకు చేర్చే పని పెట్టుకుంది. మీ డబ్బు కొత్త గదులకా, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి చేర్చి స్కూలు ఫీజు కట్టడానికా? రెండోదైతే వచ్చే ఏడాది బొమ్మ జోలికి పోకుండా నెలకు వంద డాలర్ల చొప్పున ఇక్కడి సంస్థకే విరాళంగా ఇవ్వండి, ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ తన వంతు జోడించే మ్యాచింగ్ మీ దగ్గర ఉంటే అదీ కలుస్తుంది.

పాట మీదే కాబట్టి ఇప్పుడు వెనక్కి తగ్గకండి. చెక్కు రాసే ముందు సంస్థకు ఒక ఈమెయిల్ పెట్టండి: రసీదులో 1,500, 400 అని రెండు అంకెలూ విడివిడిగా వేసివ్వమని.