‘నాటటాల్’ ఏ నిఘంటువులో ఉంది?

ప్రశ్న: మాస్టారూ, ఇంగ్లిషు నవలలు నిఘంటువు ముట్టుకోకుండానే చదువుతాను. అదే ఇంగ్లిషు రేడియోలో వస్తే సగం అందదు. మొన్న ఎవరో ‘నాటటాల్’ అన్నారు. కొత్త పదమనుకుని అరగంట నిఘంటువు తిరగేశాను. తీరా అది ‘నాట్ అట్ ఆల్’! మూడూ చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలే. వాళ్ల వేగం ఎక్కువా, నా చెవిలోనే లోపమా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెవిలో లోపమే ఉంటే ‘నాటటాల్’ అని ఇంత శుభ్రంగా రాసి పంపగలిగేవారు కాదమ్మా. అన్ని శబ్దాలూ విన్నారు. ఎక్కడ తెంపాలో తెలియలేదు, అంతే.

ఒకప్పుడు ఒకావిడకు తెలుగు నేర్పేవాణ్ణి. ‘వాడు’, ‘ఎక్కడ’, ‘ఉన్నాడు’ అన్న మాటలు విడివిడిగా చక్కగా అప్పజెప్పేది. ఒకరోజు మామూలుగా, “వాడెక్కడున్నాడు?” అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “డెక్క అంటే ఏమిటండీ?” అని అడిగింది. నవ్వేశాను. తర్వాత నిఘంటువు చూస్తే డెక్క నిజంగానే ఉంది, గిట్ట అనే అర్థంలో! నేను పలకని మాట ఆవిడకు వినిపించింది, అదీ అసలు సిసలు తెలుగు మాట.

ఆ వాక్యాన్ని మీరే ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి. గొంతు క్షణంపాటు మూగబోయేది ‘క్క’ దగ్గర. అంటే ‘ఎక్కడ’ నడిమధ్యన! మాటల సరిహద్దుల దగ్గర మాత్రం ఎక్కడా ఆగదు. అక్కడ ఒక ఉత్వసంధి, ఒక అత్వసంధి జరిగిపోయి, అతుకు కూడా కనిపించదు. కాగితం మీద మాటల మధ్య ఉన్న ఖాళీలు నోటిలో ఉండవు. పుస్తకాలతో భాష నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మనం గబగబా మాట్లాడతామని ఆవిడ ఫిర్యాదు కూడా మీ ఫిర్యాదు లాంటిదే.

మరి మనకు డెక్క ఎందుకు అడ్డురాదు? దాన్ని తెంపి తీసుకుంటే వెనక ‘డున్నాడు’ మిగులుతుంది. అలాంటి మాట లేదని మన బుర్రకు తక్షణం తెలుసు, కాబట్టి డెక్క పోటీలోంచి తప్పుకుంటుంది. భాష కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ పట్టు ఉండదు. ‘డున్నాడు’ అనేది తాము ఇంకా నేర్చుకోని మాటేమో అనుకుంటారు. మీరు నిఘంటువు తిరగేసింది కూడా అందుకే.

ఇంకో చిక్కు ఉంది. కొత్త భాషను కూడా మన చెవి మాతృభాష కొలతతోనే తెంపుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని బడిలో ఛందస్సు చదివాం కదా. ఆ మాత్ర పద్యాలకే పరిమితం కాదట. జపనీయులు మాటలను మాత్రల లెక్కన వింటారని ముందే తేలింది. లలితా మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో తెలుగువాళ్లు వినే తీరు కూడా దానికి దగ్గరగానే ఉంది. ఇంగ్లిషువాళ్ల చెవి మాత్రలు లెక్కపెట్టదు, ఊనిక ఉన్న, అంటే నొక్కి పలికే అక్షరం కోసం కాచుకుని ఉంటుంది. వాళ్ల సంభాషణల్లో నామవాచకాలు, క్రియల వంటి ముఖ్యమైన మాటల్లో దాదాపు 90 శాతం అలాంటి అక్షరంతోనే మొదలవుతాయని 1987లో లెక్కగట్టారు. మిగిలిన చిన్న మాటలను నలిపేస్తారు. మనం నిండుగా పలికే ‘కెన్’ వాళ్ల వాక్యంలో ‘క్న్’ దగ్గరే ఆగిపోతుంది. నిండు ‘కెన్’ కోసం చూసే చెవికి అది దొరకదు.

అలాగని వాళ్లేమీ పొరపాటు పడరని కాదు. కొండ మీదికి ఎక్కించడం గురించిన ‘కండక్ట్ అసెంట్స్ అప్‌హిల్’ అనే మాటలను బాగా సన్నగా వినిపిస్తే, డాక్టరు బిల్లు పంపుతున్నట్టు విన్న ఇంగ్లిషువాళ్లు ఉన్నారు! ‘డక్ట్’, ‘సెంట్స్’, ‘హిల్’ అనే ఊనిక ఉన్న అక్షరాలు చూసి అక్కడే మాట మొదలనుకున్నారు.

ఇక మీ పని. ఇరవై సెకన్ల మాటలు చాలు, గంట కార్యక్రమం వద్దు. వాటి రాతప్రతి, అంటే ఆ మాటలనే అక్షరాల్లో పెట్టిన కాగితం, దొరికేదై ఉండాలి. దాన్ని చూడకుండా మూడుసార్లు విని, వినిపించింది వినిపించినట్టే తెలుగు లిపిలో రాయండి. మీకు ‘నాటటాల్’ రాయడం వచ్చు కదా, సగం విద్య అదే. తర్వాత రాతప్రతితో పోల్చండి. తెలియని మాటలను పక్కన పెట్టేయండి, వాటికి నిఘంటువు ఉంది. తెలిసి కూడా పట్టుకోలేకపోయిన మాటల కింద మాత్రం ఎర్రగీత గీయండి. మర్నాడు కాగితం లేకుండా ఆ ముక్కే వినండి. వేగం తగ్గించి వినడం నాకు ఇష్టం ఉండదు. ఒకసారి అతుకు వెతుక్కోవడానికి అయితే సరే, తర్వాత అసలు వేగానికే రావాలి.

ప్రశ్న: ఇంగ్లిషు సినిమాలు తెలుగు ఉపశీర్షికలతో చూస్తే చెవి తయారవుతుందా?
– మరొక పాఠకుడు

జవాబు: కథ బాగా అర్థమవుతుంది. చెవి సంగతి వేరు. 2009లో డచ్చివాళ్లకు అలవాటు లేని యాసల్లో ఉన్న ఇంగ్లిషు దృశ్యాలు చూపించి పరీక్షించారు. ఇంగ్లిషు ఉపశీర్షికలు చూసినవాళ్లకు ఆ యాస తర్వాత బాగా పట్టుబడింది. డచ్చి ఉపశీర్షికలు చూసినవాళ్లు కొత్త వాక్యాల దగ్గర, అసలు ఉపశీర్షికలే లేకుండా చూసినవాళ్లకంటే వెనకబడ్డారు. సినిమా తెలుగు అక్షరాలతోనే చూడండి, కాదనను. నచ్చిన ఒక్క సన్నివేశాన్ని మాత్రం ఇంగ్లిషు అక్షరాలతో మళ్లీ వేసుకోండి.