మాస్టడాన్ నుంచి గోటుసోషల్‌కి మారితే పాత డొమైన్, పోస్టులు, ఫాలోవర్లు ఏమవుతాయి?

మాస్టడాన్, గోటుసోషల్ రెండూ సొంత సోషల్ మీడియా సర్వర్ నడుపుకునే సాఫ్ట్‌వేర్లు. మారితే ఫాలోవర్లు చాలావరకు వస్తారు, పాత పోస్టులు రావు, పాత డొమైన్‌ని యథాతథంగా మళ్లీ వాడకూడదు.

ఈ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. అందులో ప్రతి ఖాతాకీ ఒక వెబ్ చిరునామా, దానితోపాటు ఒక డిజిటల్ తాళంచెవుల జత ఉంటాయి. ఆ జతలో మీ సందేశాలపై సంతకం చేసే రహస్యమైనది పాత సర్వర్ డేటాబేస్‌లో ఉండిపోతుంది. ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగమైనది మిగతా సర్వర్లు ఎప్పుడో దాచుకున్నాయి. అదే చిరునామాలో గోటుసోషల్ పెడితే అది కొత్త జత తయారుచేస్తుంది. సంతకం కుదరక అవతలి సర్వర్లు మీ సందేశాలను తిప్పికొట్టవచ్చు. పేరు అదే కదా అంటే వినవు.

ఉదాహరణకు పాతది 'సోషల్' అనే సబ్‌డొమైన్‌లో ఉంటే, కొత్తదాన్ని 'కబుర్లు' సబ్‌డొమైన్‌లో పెట్టండి. కొత్త ఖాతాలో పాతదాన్ని మారుపేరుగా చేర్చి, ఆ తర్వాత పాత ఖాతా సెట్టింగుల్లో 'తరలింపు' నొక్కాలి. ఆ కబురు అందరికీ చేరేదాకా పాత సర్వర్ నడుస్తూనే ఉండాలి. మీరు అనుసరించేవారి జాబితాను సీఎస్‌వీ ఫైలుగా తీసుకుని కొత్తచోట ఎక్కించుకోవచ్చు.

'డేటాబేస్ మన చేతిలోనే ఉంది, డంప్ (మొత్తం నకలు) తీసి ఎక్కిస్తే సరి' అని చాలామంది అనుకుంటారు. కుదరదు, రెండింటి పట్టికల అమరిక వేరు. మాస్టడాన్‌కి పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ అనే విడి ప్రోగ్రాములన్నీ కావాలి; గోటుసోషల్ ఒక్క ప్రోగ్రాము, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనే నడిచిపోతుంది. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) చాలు. తేలికదనం ర్యామ్ వరకే సుమా: బయటి సర్వర్ల ఫొటోలు, వీడియోల కాష్ (తాత్కాలిక నకళ్ల నిల్వ) డిస్క్‌ని నింపుతుంది, దాన్ని ఎన్ని రోజులు ఉంచాలో సెట్టింగుల్లో తగ్గించుకోండి.