ఒక సెమిస్టర్ విదేశంలో చదివితే లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ ఆగుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. భువనేశ్వర్‌లో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడో సెమిస్టర్‌ ఎక్స్‌ఛేంజ్ (విద్యార్థుల మార్పిడి) కింద జర్మనీలో చదవడానికి ఎంపికయ్యాను. కాలేజీ ఎన్‌వోసీ ఇచ్చింది. కానీ నాన్నగారికి తెలిసిన ప్లీడరు గుమస్తా ఒకాయన, ‘బయట చదివితే బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, పైగా ఏడాది పోతుంది’ అన్నారట. అప్పట్నుంచీ ఇంట్లో టెన్షన్. నేను వెళ్లొచ్చా? రేపు ఎన్‌రోల్‌మెంట్ ఒడిశాలో చేయించుకోవాలా, ఆంధ్రాలోనా?
– ఒక విద్యార్థిని

జవాబు: వెళ్లొచ్చమ్మా. ఎన్‌రోల్‌మెంట్ ఆగదు. గుమస్తాగారు చెప్పింది విదేశీ డిగ్రీ సంగతి. కోర్సంతా అక్కడే చదివి డిగ్రీ తెచ్చుకున్నవాళ్ల విషయంలో, ఆ డిగ్రీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిందా అని చూస్తారు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ మన యూనివర్సిటీ డిగ్రీనీ, విదేశీ డిగ్రీనీ వేరువేరుగానే చెప్పింది. మీకు డిగ్రీ ఇచ్చేది మన యూనివర్సిటీయే కాబట్టి మీకు ఆ బాధ లేదు.

ఏడాది పోతుందన్న మాటను మాత్రం నేను కొట్టిపారేయను. అది మీ చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌వోసీ అంటే ‘వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు’ అని మాత్రమే. అక్కడ పాసైన సబ్జెక్టులను ఇక్కడి మార్కుల జాబితాలో ఎక్కిస్తామని అందులో ఎక్కడా ఉండదు. మీకు కావలసింది క్రెడిట్ల బదిలీ ఉత్తర్వు: అక్కడి ఏ పేపరు ఇక్కడి ఏ పేపరుకు సమానం, ఎన్ని క్రెడిట్లు, మార్కులు ఎలా మారుస్తారు అన్నవి పేపరు పేపరుకూ రాసి, యూనివర్సిటీ సంతకం, తేదీ వేసి ఇచ్చేది. ప్రిన్సిపాల్ సంతకం చాలదు. మీది అనుబంధ కాలేజీ అయితే ఇంకో మెలిక ఉంది. ఒప్పందం రెండు యూనివర్సిటీల మధ్య జరిగి ఉంటే, అందులో అనుబంధ కాలేజీల విద్యార్థులు కూడా వస్తారో లేదో ఒప్పందం కాపీ తెప్పించుకుని చదవండి. లా చదువుతున్నారు కదా, చదవడానికి మొహమాటం దేనికి?

పేపర్ల ఎంపికలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం కొన్ని సబ్జెక్టులు తప్పనిసరి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్), సాక్ష్య చట్టం, డ్రాఫ్టింగ్, వృత్తి నైతికత లాంటివాటికి జర్మనీలో సమానమైనవి వెతక్కండి. ఐచ్ఛిక, ఆనర్స్ పేపర్లను ఆ సెమిస్టర్‌కు మార్చుకుని, తప్పనిసరివి ఇక్కడే రాయండి. అంతర్జాతీయ వాణిజ్య చట్టం, తులనాత్మక రాజ్యాంగ చట్టం లాంటివి అక్కడ హాయిగా చదవొచ్చు.

ఇక క్యాలెండర్. నన్నడిగితే అసలు గండం ఇదే. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ లెక్కకు అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. పాఠాలు అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, పరీక్షలు ఆ చివర్లో. మనకేమో ఎనిమిదో సెమిస్టర్ చాలా చోట్ల జనవరిలోనే మొదలవుతుంది. మీరు ఫిబ్రవరి నెలాఖరుకు దిగేసరికి ఇక్కడ సగం పాఠాలు అయిపోతాయి. బార్ కౌన్సిల్ 12వ నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టులో జరిగిన క్లాసుల్లో 70 శాతం హాజరు ఉండాలి. ప్రత్యేక కారణం ఉంటే ఒక సబ్జెక్టులో 65 దాకా మన్నించవచ్చు, అదీ అన్నీ కలిపి 70 ఉంటేనే. ఏడో సెమిస్టర్ కోసం వెళ్లి ఎనిమిదోది పోగొట్టుకోవడం అంటే ఇదే. దీనికి దారి, పరీక్షలను ముందుగానో మౌఖికంగానో పెట్టి డిసెంబరులో పంపించగలరా అని అక్కడి ఎక్స్‌ఛేంజ్ ఆఫీసును ఇప్పుడే మెయిల్‌లో అడగడం. జవాబు రాతలో ఉండాలి. కుదరదంటే, ఆగస్టులో మొదలై డిసెంబరు మొదట్లో ముగిసే సింగపూర్ లాంటి చోటు మీ జాబితాలో ఉందేమో చూడండి. జర్మనీ మోజు ఉంటే ఉండనివ్వండి, హాజరు లెక్క ముందు చూసుకోండి.

ఏడో సెమిస్టర్ హాజరు సంగతి కూడా ఆ ఉత్తర్వులోనే రాయించాలి. ఇక్కడి సబ్జెక్టుల్లో మీ పేరు నమోదై ఉండి మీరు లేకపోతే గైర్హాజరే పడుతుంది. ‘తిరిగొచ్చాక పరీక్ష రాసేద్దువులే’ అని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. అక్కడ డిప్లొమానో, వేరే సర్టిఫికెట్ కోర్సో అని ఆశ పెట్టినా చేరకండి. లా డిగ్రీతో పాటు మరో కోర్సులో నమోదు కావడాన్ని 6వ నిబంధన నిషేధించింది. భాష నేర్పే స్వల్పకాలిక పార్ట్‌టైం కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది. జర్మన్ శుభ్రంగా నేర్చుకోండి.

క్రెడిట్లు ఎక్కడం ఆలస్యమైతే దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, ఏఐబీఈ (లాయరుగా ప్రాక్టీసుకు పాసవ్వాల్సిన ఆలిండియా బార్ పరీక్ష) దగ్గర. చివరి సెమిస్టర్‌కు ముందున్న పరీక్షలన్నీ పాసైన రుజువు చూపితే ఆ పరీక్ష రాయనివ్వవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న చెప్పింది. మీ ఏడో సెమిస్టర్ గడి ఖాళీగా ఉంటే ఆ రుజువు ఎక్కడిది?

మన తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి, పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. జర్మనీ మార్కుల పత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే వస్తుంది, ఎన్‌రోల్‌మెంట్‌లో మాత్రం పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తారు. తేడా ఉంటే వెళ్లకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. టైము లేకపోతే, ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

వీసాకు ఒడిశా వాళ్లు కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. హైదరాబాద్‌లో మేనమామ ఉన్నాడని అక్కడ దరఖాస్తు పెట్టకండి. డబ్బు విషయంలో, నాన్నగారు విదేశానికి పంపే మొత్తం ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కోత ఉండదు.

ఎన్‌రోల్‌మెంట్ ఎక్కడ అంటారా? అడ్వకేట్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ఏ రాష్ట్రంలో ప్రాక్టీసు చేయదలచుకుంటే ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో దరఖాస్తు చేయాలి. 30వ సెక్షన్ వల్ల ఒడిశాలో నమోదైనా టెక్కలి, శ్రీకాకుళం కోర్టుల్లో నిలబడవచ్చు. తర్వాత శాశ్వతంగా ఆంధ్రాకు మారాలనిపిస్తే 18వ సెక్షన్ కింద రుసుము లేకుండానే బదిలీ చేయించుకోవచ్చు. ఫీజు ఎక్కడైనా ఒకటే: 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. ఒకప్పుడు ఒడిశాలో 42,100 కట్టించుకునేవారు. చట్టంలో ఉన్నదానికి మించి పైసా వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది.