ఆయన నిజం చెబుతున్నారో, జోకు వేస్తున్నారో తెలియడం లేదు

ప్రశ్న: నా భర్త పగలు అకౌంటెంటు, సాయంత్రాలు స్టాండప్ కమెడియన్. ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వకుండా జోకులు చెప్పడం ఆయన ప్రత్యేకత. ఇంట్లోనూ అదే ముఖం. ఈమధ్య ఒక ప్రదర్శనలో ఎవరూ నవ్వలేదని ఆయనే చెప్పారు. అప్పటి నుంచి సరిగా నిద్రపోవడం లేదు. ఏమైందని అడిగితే జోకు వేస్తారు. మొన్న నేను ఏడిస్తే దానికీ జోకే. ఉద్యోగం మానేస్తానంటున్నారు. అసలు ఆయనకు నా మీద ప్రేమ ఉందా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎవరూ నవ్వలేదని ఆయనే మీకు చెప్పారు. నవ్వించడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకన్నా తలవంపు మరొకటి ఉండదు. దాన్ని మీ దగ్గర దాచుకోలేదంటే మిమ్మల్ని ఎంతో నమ్ముతున్నట్టే.

ఆయన కళలోని కష్టం కూడా మీకు తెలియాలి. జోకు పేలకపోతే మిగతా కమెడియన్లు తామే నవ్వేసో, చేతులు ఊపో గండం గట్టెక్కుతారు. ఈ పద్ధతిలో ఆ వీలు లేదు. జనం మౌనంగా చూస్తుంటే అదే ముఖంతో నిలబడి తర్వాతి జోకు చెప్పాలి. ఎంత అవమానంగా ఉన్నా కనుబొమ్మ కూడా కదలకూడదు. మూకీ చిత్రాల హాస్యనటుడు బస్టర్ కీటన్ పసితనం నుంచే తల్లిదండ్రులతో వేదిక ఎక్కేవాడు. తాను నవ్వితే జనం నవ్వరని అప్పుడే కనిపెట్టి, ఆ ముఖాన్నే అలవాటు చేసుకున్నాడు. ఏళ్ల తరబడి సాధన చేసిన ముఖం గడప దాటగానే మారిపోదు.

అయినా మీరు ఏడుస్తున్నప్పుడు జోకు వేయడం తప్పే. దాన్ని నేను సమర్థించను. నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే కమెడియన్ తన క్యాన్సర్ సంగతి తొమ్మిదేళ్లు ప్రేక్షకులకు తెలియనివ్వలేదు, 2021లో చనిపోయాడు. ప్రేక్షకుల దగ్గర దాచుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. కట్టుకున్న భార్య కన్నీళ్లను మాత్రం ప్రేక్షకుల ముందు నిలబడినట్టు నిలబడి చూడకూడదు. ఈ మాట ఆయనతో సూటిగా అనండి.

ప్రదర్శన అయిన రాత్రే ఏమీ అడగకండి. మర్నాడు ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నప్పుడు అడగండి, ఎదురెదురుగా కూర్చుంటే ఆ ముఖం మళ్లీ బిగుసుకుంటుంది. ‘ఏమైంది?’ అనేది చాలా పెద్ద ప్రశ్న. ‘ఏ జోకు దగ్గర జనం చల్లబడ్డారు?’ అని అడిగి చూడండి. తన పని గురించి అడిగితే మాట దానంతటదే వస్తుంది. జోకుతో తప్పించుకుంటే కోప్పడకండి, నవ్వకండి కూడా. ‘ఇప్పుడు అసలు జవాబు చెప్పండి’ అని ఊరుకోండి. ఆ మౌనం ఎంతసేపు సాగినా మీరు ముందుగా మాట్లాడకండి.

ఇక ఉద్యోగం. ముఖం కదలకుండానే నవ్వించిన అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ కూడా ఒకప్పుడు అకౌంటెంటే. 1960లో వచ్చిన ఆయన తొలి హాస్య ఆల్బమ్‌కు గ్రామీ అవార్డు వచ్చింది. అలాంటి అదృష్టం ఏ కొందరికో పడుతుంది. అదే న్యూహార్ట్ 1963లో పెళ్లి చేసుకుని, 2023లో భార్య చనిపోయేదాకా ఆమెతోనే ఉన్నారు. ముఖం కదలని మనుషులు కాపురానికి పనికిరారన్న భయం మీకు అక్కర్లేదు. నిద్రలేని రోజుల్లో మాత్రం రాజీనామా నిర్ణయం వద్దు. పొదుపు మీద ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో, డబ్బులిచ్చే ప్రదర్శనలు నెలకు ఎన్ని వస్తున్నాయో ఆయన చేతే రాయించండి. లెక్కలు ఆయనకు కొత్త కావు.

నిద్రలేమి రెండు వారాలు దాటినా, తాగుడు పెరిగినా మానసిక వైద్యుడికి చూపించండి. చావు గురించి జోకుగా అన్నా సరే, నిజమనే తీసుకోండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఔనన్నా, మాట దాటవేసినా ఆయనను ఒంటరిగా వదలకండి, ఆ రోజే మీరు వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.